పులిసిన గంజి

దర్జీ కూర్చున్న స్టూలు విరిగిందన్న కబురు కార్ఖానాకు పొద్దున టీ వేళకు చేరింది. తెచ్చినవాడు సూపర్‌వైజరు. ప్రతి పనికీ "అర్జెంటు, అర్జెంటు" అంటాడని ఆయన్ను అందరూ అర్జెంటుగారనే పిలుస్తారు. ఆ పూట మాత్రం ఆయనకు ఏ తొందరా లేదు. గుమ్మంలో నిలబడి, ముఖం తుడుచుకుని, మెల్లగా చెప్పాడు. ఆ స్టూలు మనదే. కొన్నాళ్ళు వాడి చూడమని వీధిలో దుకాణాలకు ఇచ్చినవాటిలో ఒకటి. దర్జీ మిషను ముందు కూర్చుని కుడుతుండగా సీటు పలక పొరలుగా విడిపోయిందట. పడిపోతూ ఆయన కుడిచేతిని నేలకు ఆనించాడట. మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో కట్టు వేసి ఇంటికి పంపారు.

అందరూ అయ్యో అన్నారు. కెమిస్టమ్మ ఒక్కతే అనలేదు. ఆ స్టూలు ఎందుకు విరిగిందో ఆ గదిలో ఆమెకు తెలుసు. ఆమె కాక ఇంకొక్కరికి తెలుసు. ఆ మనిషి గదికి అవతలి చివర, ఇటు వీపు పెట్టి ట్రేలు కడుగుతోంది. కబురు విని కుళాయి కట్టేసింది. కాసేపటికి మళ్ళీ తిప్పింది.

అది నార పలకల కార్ఖానా. మొక్కల కాండాల నుంచి తీసిన నారను పరుపులా పరిచి, జిగురు పోసి, వేడి ప్రెస్సులో అదిమి పలకలు చేస్తారు. వాటితో కుర్చీ సీట్లు, అలమర తలుపులు, పెట్టెలు తయారవుతాయి. చిక్కంతా నారతోనే. దాని మీద పుట్టుకతోనే మైనం పూత ఉంటుంది. జిగురు పోస్తే తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. అందుకని ముందుగా నారను కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచేవారు. సోడా ఆ మైనాన్ని తినేసి నారను గరుకు చేస్తుంది, అప్పుడు జిగురు పట్టుకుంటుంది. కానీ సోడాకు నార మీది మైనమైనా ఒకటే, మనిషి చర్మమైనా ఒకటే. ముంపు షెడ్డులో పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళు. రబ్బరు తొడుగులు వేసుకున్నా ఎక్కడో ఒకచోట నీళ్ళు లోపలికి దిగేవి. వాళ్ళ వేలిముద్రలు అరిగిపోయి, వేలు పెడితే ఫోను కూడా గుర్తుపట్టేది కాదు. "దొంగతనానికి మనకన్నా పనికొచ్చేవాళ్ళు లేరే" అని షెడ్డులో పెద్దక్క నవ్వించేది. పెద్దక్క అంటే వాళ్ళందరిలోకీ వయసులోనూ నోటిలోనూ పెద్దది. షెడ్డులోంచి పోయే పసుపురంగు నీళ్ళ సంగతి వేరే చెప్పాలా? కాలువ పక్కన గడ్డి మొలవడం మానేసి చాలాకాలమైంది.

కెమిస్టమ్మ ఆ కార్ఖానాలో చేరిన నాటి నుంచి ఆ సోడా తొట్లను ఎత్తివేయాలని పట్టుబట్టింది. చివరికి ఆమె తెచ్చిన ఉపాయం నానో సెల్యులోజ్. నోరు తిరగని పేరని షెడ్డులో దాన్ని గంజి అన్నారు. చూడ్డానికి గంజే. పనికిరాని నార తుక్కును ఉడికించి, కడిగి, మరరాళ్ళ మధ్య మళ్ళీ మళ్ళీ నూరితే, కంటికి కనిపించనంత సన్నటి పోగులుగా చీలి, నీళ్ళతో కలిసి చిక్కటి జిగటగా మారుతుంది. వేడినీళ్ళలో కడిగిన నారను అందులో ముంచి ఆరబెడితే, ఆ పోగులు నారను అల్లుకుని పలుచని పొర కడతాయి. జిగురుకు పట్టు దొరుకుతుంది. ముల్లును ముల్లుతోనే తీసినట్టు, నారకు నారే మందు. చేతులు కాలవు, కాలువ చావదు. అర్జెంటుగారు మాత్రం మొదటి నుంచీ "సోడా ఉండగా ఈ సోదెందుకు" అంటూనే ఉన్నాడు. కార్ఖానా యజమానురాలు ఆయన మాటను పక్కన పెట్టి, కెమిస్టమ్మను నమ్మి సోడా తొట్లు మూయించింది.

ఆ నమ్మకం మీదే కెమిస్టమ్మ తన ఆడపడుచును పనిలో పెట్టించింది. ఒక చోట కుదురుగా కూర్చోదని ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. చదువు సగంలో వదిలేసింది. మందుల దుకాణంలో కొన్నాళ్ళు, ఫొటో స్టూడియోలో కొన్నాళ్ళు పనిచేసి మానేసింది. "నా మాట మీద తీసుకోండి" అని కెమిస్టమ్మ యజమానురాలిని అడిగింది. గంజి తొట్టి దగ్గర మాత్రం పిచ్చుక కుదురుకుంది. నార కట్టలను ముంచడం, తీయడం, ట్రేలలో పరవడం, ఆరబెట్టే గదిలోకి తోయడం ఆమె పని. వదినా ఆడపడుచూ పొద్దున ఒకే బస్సులో వచ్చి, సాయంత్రం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు.

గంజికి ఒక్కటే తెగులు. అందులో విషం లేదు కాబట్టి అది పాడవుతుంది. మనిషికి హాని చెయ్యనిది బూజుకు మాత్రం ఎందుకు చేస్తుంది? చల్లగదిలో పెడితే నిలుస్తుంది. బయట వేడిలో వదిలితే పులిసిపోతుంది. పులిస్తే పోగులు తెగి, చిక్కదనం పోయి, నార మీద పొర కట్టదు. ఈ సంగతి అందరికీ చెప్పి, చల్లగది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించింది కెమిస్టమ్మే. మరిచిపోయిందీ ఆమే.

సెలవులకు ముందు సాయంత్రం అది. సెలవులు అయిపోగానే పలకలు కొనేవాళ్ళు చూడటానికి రాబోతున్నారు. వాళ్ళ ముందు ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటూ, దీపాలు ఆర్పి, తాళం వేసి వెళ్ళిపోయింది. గంజి తొట్టి చల్లగదికి చేరకుండా, ఆరబెట్టే గది వేడి గోడ పక్కనే ఉండిపోయింది. తిరిగి వచ్చి మూత తీస్తే పుల్లటి వాసన ముక్కుకు కొట్టింది. వేలు ముంచింది. వేలిని అంటుకుని సాగవలసినది నీళ్ళలా జారిపోయింది.

పారబోయాలి. పారబోస్తే మళ్ళీ మర ఆడించి కొత్తది తయారయ్యేలోగా కొనేవాళ్ళు వచ్చేస్తారు. వాళ్ళకు తొట్టిలో పని జరుగుతుంటే చూపించాలి. ఎందుకు ఆగిందని యజమానురాలు అడుగుతుంది. పక్కన నిలబడి అర్జెంటుగారు నవ్వుతాడు. మూత పట్టుకుని ఆలోచిస్తుంటే పిచ్చుక వచ్చింది. తొట్టిలోకి వంగి ముక్కు చిట్లించింది.

"వదినా, ఇదే వేసేయమంటావా?"

"వేసెయ్. ఏం కాదు."

కొనేవాళ్ళు వచ్చారు, మెచ్చుకున్నారు, వెళ్ళారు. వాళ్ళ చేతికిచ్చిన పలకలు అంతకుముందు మంచి గంజితో చేసినవి. పులిసిన గంజిలో ముంచిన నార పలకలైంది, పలకలు స్టూళ్ళయ్యాయి. ఆ పలకల్లోంచి ఒక ముక్కను కోసి కెమిస్టమ్మ బరువు పెట్టి చూసింది. ఆగింది. ఇంకో ముక్క కోయడానికి చేయి రాలేదు. రెండోది ఆగకపోతే ఏం చెయ్యాలన్న భయం. ఒకటి ఆగింది కదా అనుకుంది. స్టూలే కదా, వంతెన కాదు కదా అని కూడా అనుకుంది.

దర్జీ కబురు విన్న వెంటనే ఆమె చేసిన మంచి పని ఒకటుంది. టీ గ్లాసు అక్కడే పెట్టి, తోపుడు బండి తీసుకుని, వీధిలో దుకాణం దుకాణానికీ తిరిగి ఆ స్టూళ్ళన్నీ వెనక్కి తెచ్చేసింది. క్షౌరశాలలో ఒక ముసలాయన దాని మీదే కూర్చుని పేపరు చదువుతున్నాడు. "కూర్చున్నవాణ్ణి లేపి పట్టుకుపోవడం ఎక్కడైనా ఉందా తల్లీ" అని మంగలి నవ్వాడు. ఎందుకు తీసుకెళుతోందో ఎవరూ గుచ్చి అడగలేదు. ముందు జాగ్రత్త అంది. సందు మలుపులో బండి ఆపి, ఒక సీటు పలకను చేత్తో వంచి చూసింది. తడిసిన అట్టలా పొరలు విడిపోయాయి.

మధ్యాహ్నం యజమానురాలు అందరినీ పిలిచింది. బల్ల మీద దర్జీ స్టూలు ఉంది. అర్జెంటుగారు పలక అంచును పట్టుకుని పొరలు తీసి చూపించాడు. నార సరిగ్గా ఆరకుండా ప్రెస్సుకు వచ్చిందన్నాడు. తడి ఉంటే ఆవిరై పొరలను విడదీస్తుంది, తన అనుభవంలో చాలాసార్లు చూశానన్నాడు. పలక వెనక ముద్రను బట్టి ట్రేలు ఎవరివో కూడా చెప్పాడు. అవి పిచ్చుకవి. తొందరగా తీసేసి ఉంటుంది, ఒక చోట నిలిచే పిల్ల కాదుగా అన్నాడు. ఆయన పగతో అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

యజమానురాలు కెమిస్టమ్మ వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ దాని వెనకే మరికొన్ని వచ్చి నిలబడ్డాయి: తన ఉద్యోగం, గంజి, తిరిగి తెరుచుకునే సోడా తొట్లు, అర్జెంటుగారి ముఖం.

"అలా కూడా జరిగి ఉండొచ్చు" అంది కెమిస్టమ్మ.

అబద్ధం కాదది. జరిగి ఉండొచ్చు. ఇంటికి వెళ్ళేదాకా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అబద్ధం కాదని. పిచ్చుక మాత్రం వదిన వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. "ఆ ట్రేలు నావేనండి" అంది. మర్నాటి నుంచి రావద్దని చెప్పారు. ఆ సాయంత్రం కెమిస్టమ్మ బస్సులో ఒక్కతే వచ్చింది. పిచ్చుక నడిచి వచ్చింది.

కెమిస్టమ్మ భర్త కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. నోరు చిన్నది, కోపం పెద్దది. భోజనాల దగ్గర చెల్లెలిని నాలుగు మాటలు అన్నాడు. వదిన పరువు తీశావన్నాడు. ఒకడి చేయి విరగ్గొట్టి ఎలా తింటున్నావన్నాడు. పిచ్చుక తింది, తన పళ్ళెం కడిగి పెట్టి లోపలికి వెళ్ళింది. అసలు తినలేకపోయింది కెమిస్టమ్మ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, భర్త అన్న ప్రతి మాటకూ ఉలిక్కిపడింది. ఆ మాటలు పడవలసింది తనేనని పిచ్చుకకు తప్ప ఆ ఇంట్లో ఎవరికి తెలుసు?

అప్పుడు అత్తగారు గిన్నె పట్టుకుని పక్కకు వచ్చింది. ఆవిడ ఎప్పుడూ కోడలి దగ్గర గట్టిగా మాట్లాడి ఎరుగదు, మెత్తగానూ మాట్లాడి ఎరుగదు.

"అమ్మాయ్, నా కూతురి మూలాన నీకు మాటొచ్చింది. చిన్నప్పట్నించీ దానికి నిలకడ లేదు. మనసులో పెట్టుకోకమ్మా" అంది. అని కోడలి పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసింది.

ఆ కూర మింగడం కెమిస్టమ్మకు జన్మలో మరిచిపోలేని పని అయింది.

మర్నాడు సెలవు పెట్టి దర్జీ దుకాణానికి వెళ్ళింది. రెండు మిషన్లు పట్టే గది. గోడకు బడి పిల్లల చొక్కాలు, సగం కుట్టినవి, చేతులు లేకుండా వేలాడుతున్నాయి. బడి తెరిచే రోజులవి. దర్జీ కట్టు వేసిన చేతిని మెడకు తగిలించుకుని బల్ల పక్కన నిలబడి, భార్యకు గుడ్డ మీద గీతలు ఎలా గియ్యాలో చెబుతున్నాడు. ఆవిడకు కత్తెర కొత్త. గీత ఒక దారి, కత్తెర ఒక దారి. కార్ఖానా నుంచి వచ్చానని కెమిస్టమ్మ చెప్పగానే దర్జీ కుర్చీ చూపించాడు. చికిత్స ఖర్చు మీ యజమానురాలు పెట్టుకుందమ్మా, మంచి మనిషి అన్నాడు.

"పీట మంచిదేనమ్మా. నేనే ఈమధ్య కాస్త ఒళ్ళు చేశాను" అని నవ్వాడు. "ఎవరో పిల్లని పని మానిపించారట కదా. పాపం, కావాలని చేస్తుందా? మళ్ళీ పెట్టుకోమని చెప్పు నా మాటగా."

ఆయన భార్య మాత్రం తలెత్తలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, చిన్నగా అంది. "అతుక్కున్నాక చేయి మునుపటిలా తిరుగుతుందో లేదో చెప్పలేమన్నారు డాక్టరు."

చెప్పడానికే వెళ్ళింది కెమిస్టమ్మ. చెప్పకుండానే తిరిగొచ్చింది. ఆ మంచితనం ముందు నోరు తెరవడం కన్నా ఆయన నాలుగు తిట్టి ఉంటే సులువయ్యేది.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగా పిచ్చుక మేడ మీద దుప్పట్లు ఆరేస్తోంది. కెమిస్టమ్మ వెళ్ళి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపూ తిప్పి పిండారు. నీళ్ళు కారి ఇద్దరి పాదాల మీదా పడ్డాయి.

"అక్కడ నోరెందుకు విప్పలేదు?" అని అడిగింది కెమిస్టమ్మ.

"నువ్వు విప్పుతావని చూశాను."

కెమిస్టమ్మ చేతులు ఆగిపోయాయి. పిచ్చుక దుప్పటి కొస ఆమె చేతిలోంచి తీసుకుని తీగ మీద పరిచింది.

"అందరి ముందూ చెప్పలేకపోయింది, తర్వాత ఆవిడ గదిలోకి వెళ్ళి చెబుతుందిలే అనుకున్నాను. ఇంటికొచ్చాక అన్నయ్యకైనా చెబుతుందిలే అనుకున్నాను. అమ్మ నీకు కూర వడ్డిస్తూ అన్నవి లోపలికి వినిపించాయి, అప్పుడిక అనుకోవడం మానేశాను."

"నువ్వైనా చెప్పాల్సింది."

"ఎవరు నమ్ముతారు వదినా? ఎక్కడా నిలవని పిచ్చుక మాటా, గంజి కనిపెట్టిన కెమిస్టమ్మ మాటా?" గొంతులో కోపం లేదు. ఒక్కో మాటా తూచినట్టు వచ్చింది. "అయినా చెబితే నీ పని పోతుంది. ఆ సోడా మళ్ళీ వస్తుంది. అది కూడా అనుకున్నానులే. నువ్వు అనుకున్నవన్నీ నేనూ అనుకున్నాను."

ఆ ఆఖరి మాట కెమిస్టమ్మను కూలదోసింది. తను దాచుకున్న సాకులనే ఆ పిల్ల తన వంతుగా మోసింది. తేడా ఒక్కటే. ఒకరికి అవి నీడ అయ్యాయి, ఒకరికి నింద అయ్యాయి.

మర్నాడు పొద్దున కార్ఖానాలో అందరినీ ఒకసారి పిలవమని యజమానురాలిని అడిగింది. నా గదిలో చెబితే సరిపోదా అంది ఆవిడ. సరిపోదంది. నింద ఏ బల్ల ముందు వేశారో అక్కడే తీయాలి కదా. ముంపు షెడ్డు ఆడవాళ్ళు, ప్రెస్సు దగ్గరివాళ్ళు, అర్జెంటుగారు, అందరూ నిలబడ్డారు. కెమిస్టమ్మ చెప్పింది. తొట్టిని బయట వదిలేసింది తను. పులిసిందని తెలిసీ వెయ్యమన్నది తను. ఒక ముక్క పరీక్షించి రెండోది మానేసింది తను. ఆ పిల్ల అడిగింది కూడా. ఏం కాదన్నది తనే. ఆ అమ్మాయి నారను ఆరబెట్టడంలో ఏ లోపమూ లేదు.

అర్జెంటుగారు నవ్వుతాడని భయపడింది. ఆయన నవ్వలేదు. బల్ల మీది నారపొట్టును వేలితో నెడుతూ, "నేను కూడా తొందరపడ్డాను" అన్నాడు. అది ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినని మాట.

యజమానురాలికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు దాదాపు వినపడనంతగా తగ్గింది.

"తొట్టి మరిచిపోవడం తప్పు కాదు. పులిసింది వెయ్యడం తప్పు. దానికి నిన్ను క్షమించగలను, నేనూ అలాంటివి చేశాను. కానీ నేను నిన్ను అడిగినప్పుడు నువ్వన్న మాట ఉందే, దానికి నా దగ్గర మందు లేదు."

కెమిస్టమ్మను పనిలోంచి తీసెయ్యలేదు. గంజిని తీసేసింది. ఒకరి చేయి విరిగాక ఇంకొకరి చేయి విరిగేదాకా ఆగలేనంది. ఆ వారమే సోడా తొట్లు కడిగి నింపారు. మూలన పడేసిన రబ్బరు తొడుగులు దులిపి మళ్ళీ తెచ్చారు. పెద్దక్క తొడుగులోకి చేయి దూర్చుతూ కెమిస్టమ్మ ముందు ఆగింది. ఆవిడ వేళ్ళ మీద కొత్త చర్మం అప్పుడప్పుడే వస్తోంది.

"నిజం చెప్పావు, బాగుందమ్మా" అంది. "నీ మనసు కడుక్కున్నావు. మా చేతులు కాలాయి."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. కెమిస్టమ్మకు అది పోలేదు, చోటు మారింది. దర్జీకి కూడా వెళ్ళి చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు. మొదటిసారిలా కుర్చీ చూపించలేదు, పీట మంచిదని అనలేదు. చెప్పావు, మంచిదేనమ్మా అన్నాడు. కొన్నాళ్ళు ఇటు రాకు, నా భార్యకు నిన్ను చూస్తే బాధగా ఉంటుందన్నాడు. ఆ మాటలప్పుడు బల్ల దగ్గర కత్తెర పట్టుకుని నిలబడింది భార్య కాదు, పిచ్చుక. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆ పొద్దున వచ్చిందట. "మీరు చెప్పండి, నేను కత్తిరిస్తాను" అందట. ఎందుకని దర్జీ అడిగితే ఖాళీగా ఉన్నానందట. కెమిస్టమ్మ అక్కడున్నంతసేపూ ఆ పిల్ల తల తిప్పలేదు. చొక్కా చేయి గుండ్రంగా తిప్పి కోస్తోంది. కత్తెర గీత మీదే వెళుతోంది.

ఇంట్లో చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. భర్త విని, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. చెల్లెలిని అన్న మాటలు వెనక్కి తీసుకోవడం ఆయనకు స్తంభం ఎక్కినంత సులువు కాదు. ఆ తర్వాత చాలాకాలం అత్తగారు వంటింట్లో కోడలికి చేతికి అందించేవాటిని బల్ల మీద పెట్టి వెళ్ళేది. యజమానురాలు మళ్ళీ రమ్మని పిచ్చుకకు కబురు పంపింది. పిచ్చుక రానంది. ఎందుకని కెమిస్టమ్మ బతిమాలింది.

"నీ మీద కోపంతో కాదు వదినా. నీ మాట మీద చేరాను, నీ మాట మీద పోయాను. ఈసారి నా అంతట నేను ఒకచోట ఉండి చూస్తాను."

దర్జీ కట్టు విప్పారు. మణికట్టు బిగిసింది, కత్తెర పూర్తిగా తెరవలేడు. మిషను మాత్రం తొక్కుతాడు, కుడతాడు. పిచ్చుక కత్తిరిస్తుంది. ఎక్కడా నిలవదన్న పిల్ల అక్కడ నిలిచింది. అది సంతోషించవలసిన సంగతే. కెమిస్టమ్మకు మాత్రం ఆ దుకాణం ముందు నుంచి బస్సు వెళ్ళిన ప్రతిసారీ చూపు ఒళ్ళోకి దిగేది.

ఒకరోజు ఆమె యజమానురాలి దగ్గరికి వెళ్ళి, తననూ ముంపు షెడ్డులో సోడా తొట్టి దగ్గర వెయ్యమని అడిగింది. ఆవిడ కళ్ళజోడు తీసి చూసింది.

"శిక్ష కావాలంటే ఇంట్లో వెతుక్కో. ఇక్కడ నాకు పని కావాలి. ఆ గంజి పాడవకుండా ఎలా వాడాలో చూడు. చూశాక దాన్ని నువ్వు కాదు, ఇంకెవరైనా పరీక్షించాలి."

వానాకాలమంతా కెమిస్టమ్మ ఆ పనిలోనే ఉంది. నిలవ పెట్టడమనే మాటే తీసేసింది. ఏ రోజుకు కావలసింది ఆ రోజే చిన్న మరలో నూరడం, మిగిలింది సాయంత్రం పారబోయడం. ఆవిరితో తేమ నింపిన గదిలో ఉంచి తీసిన పలకలను విరిచి చూసే పని అర్జెంటుగారికి అప్పగించింది. ఆయన కసిగా విరిచాడు. విరగనివాటి మీద ఎక్కి గెంతాడు. ఒక పలకను వదలక నాలుగు రోజులు నీళ్ళలో ఉంచి మరీ విరిచి, చివరికి "సరే, ఇక ఈ గంజిని పనిలో పెట్టి చూద్దాం" అన్నాడు. అది ఆయన ఒప్పుకోలు. చలి మొదలయ్యేనాటికి ఒక సోడా తొట్టి తీసేసి దాని చోట గంజి తొట్టి పెట్టారు. ఒక్కటే. మిగతావి తర్వాత చూద్దామంది యజమానురాలు.

కెమిస్టమ్మ ఒక షరతు పెట్టింది. తొట్టి దగ్గర నిలబడేవాళ్ళలో ఎవరికి అనుమానం వచ్చినా, ఎవరినీ అడగకుండా పారబోయొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. అర్జెంటుగారు నెత్తి కొట్టుకున్నాడు. ఇలాగైతే కాలువే గంజి తాగుతుందన్నాడు.

ఆయనన్నట్టే అయింది. ఒక పొద్దున కెమిస్టమ్మ షెడ్డులోకి వచ్చేసరికి నేలంతా జారుతోంది. తొట్టి బోర్లా ఉంది. పెద్దక్క చీపురుతో గంజిని కాలువలోకి నెడుతోంది. అడుగున మిగిలినదాన్ని కెమిస్టమ్మ వేలితో తీసి చూసింది. చిక్కగా ఉంది, వేలికి అంటుకుని సాగింది. వాసన లేదు. అంతకు కాసేపటి ముందు తనే నూరించిన గంజి. అందులో ఏ దోషమూ లేదు.

"వాసనేసిందమ్మా" అంది పెద్దక్క, చీపురు ఆపకుండానే. నిజంగా వేసిందో, ఆ షరతు నిజమో కాదో తేల్చుకోవాలనుకుందో ఆవిడ ముఖంలో తెలియలేదు. మిగతా ఆడవాళ్ళు పని ఆపి కెమిస్టమ్మనే చూస్తున్నారు.

పారబోసింది మంచిదే అన్న మాట కెమిస్టమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది. గోడకున్న రెండో చీపురు తీసుకుని పెద్దక్క పక్కన నిలబడి నేల ఊడ్చింది. అది అయ్యాక వెళ్ళి, ఉడికించి కడిగిన తుక్కును మరలో పోసి, మీట వేసింది.